మట్టిలో దొరికిన బంగారము: డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము

తొలకరి జల్లు పడగనే ఎండిన నేలనుండి లేచు కమ్మని వాసన పల్లెవాసులకందరకు పరిచితమే. ఆ వాసనకు కారణము నీరును మన్నును మాత్రమే కాదు. పిడికెడు మట్టిలో కంటికి కానరాని సూక్ష్మజీవులు కోట్లకొలది నివసించుచుండును. వానిలో స్ట్రెప్టోమైసిస్ అనబడు జాతి యొకటి గలదు. అది నూలుపోగుకన్న మిక్కిలి సన్నని తంతువులుగా పెరుగుచు, మనము మట్టివాసన యని చెప్పుకొను పదార్థమును తయారుచేయును. ఈ జాతి జీవులే తమతో పోటీపడు ఇతర సూక్ష్మజీవులను అణచివేయగల పదార్థములను గూడ సృష్టించుచున్నవి. మట్టిలో జరుగు ఈ పోరాటములోని ఆయుధములను గ్రహించి, రోగిని రక్షించుటకు వానిని వినియోగించుటయే ఇరువదవ శతాబ్దమున వైద్యశాస్త్రము సాధించిన గొప్ప విజయములలో నొకటి.

ఆ విజయములో ముఖ్యమైన యొక ఘట్టమునకు నాయకత్వము వహించినవారు భీమవరమున జన్మించిన తెలుగువారు. వారు కనుగొనిన మందులను, వారి ప్రయోగశాలనుండి వెలువడిన మందులను మ్రింగినవారు లక్షలకొలది గలరు. వారి పేరు తెలిసినవారు మాత్రము మిక్కిలి తక్కువ. ఆ మహనీయుని చరిత్రమును పాఠకులకు స్థూలముగా తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశ్యము.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 వ సంవత్సరము జనవరి 12 వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రిగారు ప్రభుత్వోద్యోగమునుండి అనారోగ్యకారణమున ముందే విరమింపవలసివచ్చెను. సంసారము పెద్దది, రాబడి స్వల్పము. బాలుడైన సుబ్బారావుగారికి తొలుత చదువుపై ఆసక్తి లేకుండెను. పదుమూడేండ్ల ప్రాయమున, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింతునని ఇల్లు విడిచి వెడలిరి. తల్లి ఊరకుండలేదు. కుమారుని వెనుకకు రప్పించి మరల బడిలో కూర్చుండబెట్టెను. ఆయన మెట్రిక్యులేషను పరీక్షలో రెండుసారులు తప్పి, మద్రాసులోని హిందూ ఉన్నత పాఠశాలనుండి మూడవసారి ఉత్తీర్ణులైరి. తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో చదివిరి.

ఆ దినములలో వారి మనస్సు సన్యాసమువైపు మొగ్గెను. రామకృష్ణ మఠమున చేరగోరిరి గాని తల్లి యనుమతింపలేదు. రోగులకు చేయు సేవయు భగవత్సేవయేనని పెద్దలు బోధింపగా మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించిరి. అది స్వాతంత్ర్యోద్యమ కాలము. గాంధీమహాత్ముని పిలుపు నందుకొని సుబ్బారావుగారు శస్త్రచికిత్సాశాలలో గూడ ఖద్దరు వస్త్రములనే ధరించిరి. ఆంగ్లేయుడైన శస్త్రవైద్యాచార్యునకు ఇది కంటగింపయ్యెను. ఫలితముగా, వ్రాతపరీక్షలలో చక్కగా కృతార్థులైనను, వారికి ఎం.బి.బి.ఎస్. పట్టము లభింపలేదు. అంతకంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రము మాత్రమే దక్కెను. ప్రభుత్వ వైద్యోద్యోగమును దొరకకపోగా, వారు మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రమును బోధించు అధ్యాపకులైరి.

ఈ కాలముననే యల్లాప్రగడవారి ఇంట పెద్ద విషాదము సంభవించెను. స్ప్రూ అను వ్యాధి వారి సోదరు లిరువురను కొలదిదినముల వ్యవధిలోనే బలిగొనెను. స్ప్రూ సోకిన రోగికి తిన్న ఆహారము ఒంటబట్టదు. విరేచనములతో కృశించి, రక్తము క్షీణించి, మరణించును. ఆ నాటి వైద్యులకు ఆ వ్యాధి పేరు తెలియునే గాని మందు తెలియదు. చేతిలో వైద్యవిద్య యుండియు తోబుట్టువులను రక్షింపలేకపోయితిననెడి వేదన సుబ్బారావుగారిని జీవితాంతము విడువలేదు. ఉన్న మందులను రోగులకిచ్చుట యితరులును చేయగలరు. లేని మందులను కనుగొనుటయే తన కర్తవ్యమని వారు నిశ్చయించుకొనిరి.

అందులకు విదేశయానము తప్పనిసరియయ్యెను. 1919 లో వారికి శేషగిరిగారితో వివాహమైయుండెను. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మనిధియును ధనసహాయము చేయగా, 1922 అక్టోబరులో వారు అమెరికాలోని బోస్టను నగరమున దిగిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వ్యాధుల శాస్త్రమును అభ్యసించిరి. అమెరికాలో వైద్యము చేయుటకు వారి పట్టము చాలదు. కావున పొట్టకూటికై రాత్రులందు ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రము చేయు పనికి గూడ వెనుదీయలేదు. స్వదేశమున విడిచివచ్చిన భార్యకు కలిగిన కుమారుడు పసితనముననే మరణించెను. ఆ శిశువును వారు ఒక్కసారియైనను చూడలేదు.

తరువాత వారు హార్వర్డులోని జీవరసాయన విభాగమున సైరస్ ఫిస్కే గారితో కలిసి పనిచేసిరి. శరీరద్రవములలోని భాస్వరమును కొలుచుటకు వీరిరువురు 1925 లో ప్రకటించిన పద్ధతి, ఫిస్కే-సుబ్బారావు పద్ధతియను పేర ప్రపంచమందలి ప్రయోగశాలలన్నిట వ్యాపించెను. 1927 లో కండరములందలి ఫాస్ఫోక్రియాటినును, 1929 లో ఎ.టి.పి. యను పదార్థమును వీరు వెలికిదీసిరి. జర్మనీలో కార్ల్ లోమన్ అను శాస్త్రజ్ఞుడును అదే సంవత్సరమున దీనిని విడిగా కనుగొనెను. మనము నడచినను, బరువెత్తినను, తుదకు ఊపిరి పీల్చినను, ఆ పనికి కావలసిన శక్తిని కణములకు చిల్లరనాణెములవలె అందించునది ఈ ఎ.టి.పి. యే. ఇంతటి కృషి చేసినను హార్వర్డులో వారికి స్థిరమైన ఆచార్యపదవి లభింపలేదు.

1940 లో వారు న్యూయార్కు సమీపమున పెర్ల్ రివర్ అను చోటనున్న లెడర్లీ ఔషధ పరిశోధనాలయమున చేరి, కొలది కాలమునకే పరిశోధనవిభాగమునకు అధిపతులైరి. అచట వారికి కావలసినంత ధనము, పరికరములు, సహచరులు లభించిరి. మొట్టమొదట చేపట్టిన పని యేదియో చెప్పనక్కరలేదు. రక్తక్షీణతను, స్ప్రూ వ్యాధిని కుదుర్చు పదార్థము జంతువుల కార్జములోనున్నదని వైద్యులు ఊహించుచుండిరి. సుబ్బారావుగారి బృందము అట్టి పదార్థములలో నొకటియగు ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలోనే తయారుచేసి 1945 లో ప్రకటించెను. దానిని పుచ్చుకొనిన స్ప్రూ రోగులు కోలుకొనసాగిరి. సోదరులను బలిగొనిన వ్యాధికి మందు దొరకుటకు ఇరువది సంవత్సరములకు పైగా పట్టెను. నేడు మన గ్రామములలో గర్భిణీస్త్రీలకు ఇనుముతోపాటు ఇచ్చు మాత్రలో నున్నది ఈ ఫోలిక్ ఆమ్లమే.

ఇక మన మట్టికథకు వత్తము. 1940 వ దశకమున పెన్సిలిన్ వాడుకలోనికి వచ్చి అద్భుతములు చేయుచుండెను. అయినను అది కొన్ని తెగల సూక్ష్మజీవులపై మాత్రమే పనిచేయును. 1943 లో అమెరికాలోనే వాక్స్‌మన్ గారి ప్రయోగశాలలో షాట్జ్ అను యువకుడు మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ జీవినుండి స్ట్రెప్టోమైసిన్ అను మందును వెలికిదీసెను. అది క్షయపై పనిచేసెను. కాని టైఫస్ వంటి జ్వరములకు, మరి పెక్కు వ్యాధులకు ఈ రెండును నిరుపయోగములే. అనేకవిధములైన సూక్ష్మజీవులను ఒక్కటే అణచగల మందు ఏ మట్టిలోనైన నుండకపోవునాయని సుబ్బారావుగారు ఆలోచించిరి.

ఈ అన్వేషణకు వారు ఎన్నుకొనిన మనిషిని చూడుడు. బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రాచార్యుడు డెబ్బది యేండ్లు దాటి విశ్వవిద్యాలయమునుండి విరమించియుండెను. ముసలివాడని లోకము ప్రక్కకు నెట్టిన ఆ పండితుని అనుభవమును సుబ్బారావుగారు గుర్తించిరి. 1944 లో ఆయన లెడర్లీలో చేరి శిలీంధ్రములను, మట్టిజీవులను గూర్చిన పరిశోధనను చేపట్టెను. డగ్గర్ గారు తనకు పూర్వపరిచయము గల మిస్సోరీ విశ్వవిద్యాలయమునకు లేఖ వ్రాసి మట్టినమూనాలు పంపుమని కోరెను. అచట శాన్‌బర్న్ క్షేత్రమను పేర ఒక ప్రయోగభూమి గలదు. 1888 నుండి మడులుగా విభజించి, ఏ మడిలో ఏ పైరు వేసిరో, ఏ ఎరువు వేసిరో వ్రాసియుంచుచున్న నేల యది. విలియం ఆల్‌బ్రెక్ట్ అను భూసారశాస్త్రజ్ఞుడు అక్కడి కొన్ని నమూనాలను 1945 లో పంపెను. వానిలో 23 వ మడిలోని మట్టి యొకటి. ఆ మడిలో తిమోతి యను పశుగ్రాసమును మాత్రమే పెంచుచుండిరి. ఎన్నడును ఎరువు వేసినది కాదు.

ఆ మట్టిని ఏమి చేసిరో తెలిసికొనుట యుక్తము. చిటికెడు మట్టిని శుద్ధజలమున కలిపి, ఆ నీటిని పలుమార్లు పలుచన చేసి, సముద్రపు నాచునుండి తీసిన అగరు అను జిగురుపొరమీద చల్లుదురు. కొన్ని దినములకు అందులోని ఒక్కొక్క జీవియు విడివిడిగా చిన్న చుక్కవలె పెరుగును. ఒక్కొక్క చుక్కను వేరుచేసి పెంచి, దానిప్రక్కన రోగకారకములగు సూక్ష్మజీవులను నాటుదురు. మట్టిజీవి ఏదైన మందును స్రవించుచున్నచో, దానిచుట్టు రోగజీవి పెరుగక, నిర్మలమైన యొక వలయము ఏర్పడును. ఆ వలయమే శుభసూచన. అయినను అక్కడితో పని ముగియదు. కనబడిన వలయములలో ఎక్కువభాగము వ్యర్థములే. కొన్ని పదార్థములు సూక్ష్మజీవితోపాటు ఎలుకను గూడ చంపును. కొన్ని ఇదివరకే తెలిసినవి. కొన్ని శరీరములో ప్రవేశింపగానే బలము కోల్పోవును. నూటికొకటి కాదు, వేయింటికొకటి నిలిచినను అదృష్టమే. ఈ పనికి మేధస్సుకంటె ఓరిమి ముఖ్యము. ఎన్ని నమూనాలు వ్యర్థమైనను నిరుత్సాహపడని పద్ధతి కావలెను. అట్టి పద్ధతిని ఏర్పరచి, అందులకు కావలసిన మనుష్యులను సమకూర్చి, ధనము వ్యర్థమగుచున్నదని యెవరు సణిగినను పని ఆగనీయకుండుటయే సుబ్బారావుగారి గొప్పతనము.

23 వ మడి మట్టినుండి వచ్చిన యొక జీవికి ఎ-377 అను గుర్తు పెట్టిరి. అది బంగారువన్నెగల పదార్థమును తయారుచేయుచుండెను. కావుననే ఆ జీవికి స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియెన్స్ అనియు, మందునకు ఆరియోమైసిన్ అనియు పేరులు వచ్చినవి. ఆరియో యన లాటిను భాషలో బంగారుదని యర్థము. పరీక్షింపగా, పెన్సిలిన్‌కు లొంగునవియు, లొంగనివియు, టైఫస్ జ్వరమును కలిగించునవియు గూడ ఈ మందునకు లొంగినవి. దీనిని సూదితో పొడువనక్కరలేదు. నోటితో మ్రింగినను పనిచేయును. ఆసుపత్రులు దూరముగానున్న దేశములకు ఈ గుణమే పెద్ద వరము. న్యూయార్కులోని హార్లెం ఆసుపత్రిలో లూయీ రైట్ అను నల్లజాతి శస్త్రవైద్యుడు దీనిని రోగులకు తొలుదొలుత నిచ్చి మేలు చూచినవారిలో ముఖ్యుడు.

1948 జూలైలో న్యూయార్కు విజ్ఞాన పరిషత్తు సభలో ఆరియోమైసిన్ సంగతిని లోకమునకు వెల్లడించిరి. దానినిగూర్చిన మొదటి పత్రముపై నున్నది డగ్గర్ గారి పేరు మాత్రమే. సుబ్బారావుగారి పేరు లేదు. ఇది యెవరో చేసిన అన్యాయము కాదు, వారు తామై పాటించిన నియమము. చేతులతో పనిచేసినవారికే పేరు దక్కవలెనని వారు తలచిరి. డెబ్బదియైదేండ్ల వృద్ధుడు సభలో గౌరవమందుచుండగా, ఆయనను పిలిచి పని యప్పగించిన అధిపతి మరుగుననే యుండెను.

ఆ సంతోషమును వారు చిరకాలము అనుభవింపలేదు. సభ జరిగిన కొలది వారములకే, 1948 ఆగస్టు 8 వ తేదీ రాత్రి, నిద్రలోనే వారి గుండె ఆగిపోయెను. వయస్సు ఏబదిమూడేండ్లు. స్వదేశము విడిచి ఇరువదియారు సంవత్సరములు కావచ్చినను వారు ఒక్కసారియైనను తిరిగి రాలేకపోయిరి. 1946 లో భారతీయులకు అమెరికా పౌరసత్వము పొందు అవకాశము కలిగినను వారు దానిని స్వీకరింపలేదు. భారతీయుడుగానే కన్నుమూసిరి.

వారి బృందముయొక్క తక్కిన కృషిలో రెండింటిని చెప్పక తప్పదు. బోదజ్వరమునకు కారణమైన సన్నని పురుగులను చంపు హెట్రజాన్ అను మందు 1947 లో వారి ప్రయోగశాలనుండి వెలువడెను. డి.ఇ.సి. మాత్రలని నేడు పిలుచునది దీనినే. 2004 నుండి బోదకాలు నిర్మూలన కార్యక్రమమున గోదావరి జిల్లాలవంటి ప్రాంతములలో ఇంటింట పంచిన మాత్రలు అవియే. తన పుట్టిననేలకు ఆయన తిరిగి రాకపోయినను ఆయన మందు వచ్చినది. రెండవది, ఫోలిక్ ఆమ్లమునకు విరోధియగు అమినాప్టెరిన్. దానితో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపుక్యాన్సరు సోకిన పసివారికి తాత్కాలికముగానైన ఊరట కలుగజేసి 1948 లో ప్రకటించెను. దానికి దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్ నేటికిని క్యాన్సరునకు, కీళ్లవాతమునకు వాడుకలోనున్నది.

ఆరియోమైసిన్ వంశము గూడ విస్తరించెను. దాని అణువునుండి క్లోరినును తొలగింపగా టెట్రాసైక్లిన్ వచ్చెను. 1967 లో డాక్సీసైక్లిన్ మందుల దుకాణములకు చేరెను. పొలములందును పొదలయందును నల్లివంటి చిన్న పురుగు కుట్టుటవలన వచ్చు స్క్రబ్ టైఫస్ జ్వరము మన ప్రాంతములలోను కనబడుచున్నది. దానికి వైద్యులు ముందుగా నిచ్చు మందు ఈ డాక్సీసైక్లినే. అయితే బంగారమునకు గూడ మకిలి యంటును. టెట్రాసైక్లిన్‌ను ఎదుగుచున్న పిల్లలకిచ్చినచో వారి దంతములకు పసుపువన్నె మరక శాశ్వతముగా పట్టును. కోళ్లకు, పశువులకు త్వరగా పెరుగుటకై ఈ మందులను మేతలో కలుపుటవలనను, జలుబు చేసినప్పుడెల్ల వైద్యుని అడుగక మ్రింగుటవలనను, సూక్ష్మజీవులు వానికి అలవాటుపడి లొంగకున్నవి. ఇన్నేండ్ల ఓరిమితో సంపాదించిన ధనమును మనము దుబారా చేయుచున్నామనుట అతిశయోక్తి కాదు.

కావుననే అన్వేషణ ఆగరాదు. నేడది మట్టినుండి సముద్రమునకు గూడ దిగినది. సముద్రపు టడుగున రాతికంటుకొని జీవించు స్పంజి యను ప్రాణి కదలలేదు, పారిపోలేదు, దానికి కోరలును లేవు. తన్ను ఆక్రమింపవచ్చు జీవులను రసాయనములతోనే అది ఎదుర్కొనును. ఆ రసాయనములలో కొన్ని దాని శరీరమందు కాపురముండు సూక్ష్మజీవులు తయారుచేయునవే. 1945 లో వెర్నర్ బెర్గ్‌మన్ అను శాస్త్రజ్ఞుడు ఫ్లోరిడా తీరమున సేకరించిన స్పంజిలో వింతయైన పదార్థములు దొరకినవి. వాని నిర్మాణమును ఆధారముగా గొని తయారుచేసిన సైటరాబిన్ అను మందు రక్తపుక్యాన్సరునకు నేటికిని వాడబడుచున్నది. సూక్ష్మజీవులను అణచు పదార్థములును స్పంజులలో దొరకినవి. 1980 లో ప్రకటింపబడిన మనోఆలైడ్ వానిలో నొకటి. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోను, హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలోను సముద్రజీవుల రసాయనములపై పరిశోధనలు జరిగినవి. అయినను స్పంజినుండి పుట్టిన సూక్ష్మజీవినాశకమేదియు ఇంతవరకు సామాన్యరోగి చేతికి అందలేదు. శుభసూచకమగు వలయము కనబడినంతమాత్రమున మందు సిద్ధము కాదని మట్టికథ చెప్పిన నీతియే సముద్రమునకును వర్తించును. అచటను ఓరిమి గల సుబ్బారావులు కావలెను.

సుబ్బారావుగారి మరణానంతరము, సహచరులు కొత్తగా కనుగొనిన యొక శిలీంధ్రజాతికి సుబ్బారోమైసిస్ అని నామకరణము చేసిరి. శతజయంతి సందర్భమున 1995 లో భారత తపాలా శాఖ వారి పేర తపాలాబిళ్లను వెలువరించెను. ఇవి మేలైన గౌరవములే. కాని వారికి తగిన స్మారకము వేరొకటి గలదు. మెట్రిక్యులేషనులో రెండుసారులు తప్పిన బాలుడు, పట్టము దక్కని వైద్యుడు, పదవి దొరకని శాస్త్రజ్ఞుడు, ప్రతి ఓటమి తరువాత మరల పుస్తకమును చేతబట్టెను. ఈ గ్రంథాలయపు బల్లలయొద్ద కూర్చుండి చదువుకొను బాలబాలికలలో, పరీక్షలో తప్పితినని దిగులుపడువారు ఎవరైన నున్నచో, వారికి ఈ చరిత్రమును పెద్దలు చెప్పవలెను. వారు తల యెత్తి మరల చదువ మొదలిడుదురుగాక.